నూటికి ముప్పై ఒకటి

విశాఖపట్నంలో ప్రభుత్వం వేసిన విచారణ కమిషన్ ముందు నళిని మాట్లాడిన రోజున ఆ హాల్లో కళ్ళు తడవనివాళ్ళు ఇద్దరే. ఒకరు అశ్లీల వీడియో సైట్ల సంఘం తరఫున వచ్చిన లాయరు తటవర్తి శ్రీనాథ్. రెండోవారు నిపుణుల బల్ల దగ్గర కూర్చున్న డాక్టర్ సువర్చల. ఆవిడ నళినికి సొంత అక్క. ఆ సంగతి ఆ అక్కచెల్లెళ్ళకి తప్ప హాల్లో ఎవరికీ తెలీదు. తెలియకుండా చూసుకున్నది సువర్చలే.

నళిని విజయనగరంలో ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. నాలుగేళ్ళ కిందట ఏదో సదస్సుకని వేరే ఊరు వెళ్ళి లాడ్జిలో దిగింది. ఆ గది స్విచ్చుబోర్డులో ఎవరో కెమెరా దాచారు. పదకొండు నెలల తర్వాత ఆమె క్లాసులో వెనక బెంచీల్లో నవ్వులు మొదలయ్యాయి. ఎందుకు నవ్వుతున్నారో ఆమెకు తెలిసేసరికి ఆ వీడియో పంతొమ్మిది సైట్లలో ఉంది. "కొన్నాళ్ళు సెలవు పెట్టండి మేడమ్" అన్నారు కాలేజీవాళ్ళు. ఆ కొన్నాళ్ళు ఇంకా పూర్తి కాలేదు. భర్త ఆరు నెలలు ఓపిక పట్టి, దూరంగా బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆమె పిటిషన్ వేసింది. రాష్ట్రంలో అశ్లీల వీడియోలన్నీ నిషేధించాలంటుంది. వీటిని చూసి చూసి మగవాళ్ళు మృగాలవుతున్నారనీ, ఫోన్లు చవకయ్యాక ఆడవాళ్ళ మీద నేరాలు రెట్టింపయ్యాయనీ చెప్పింది. వీటివల్ల కాపురాలు కూలుతున్నాయని చెప్పింది. చివర్లో, కాస్త గొంతు తగ్గించి, ఒప్పుకుని తీసినవాటిలో దొంగచాటుగా తీసినవి కలిసిపోతున్నాయనీ, చూసేవాడికి తేడా తెలియదనీ, తీసెయ్యమంటే వినే దిక్కు లేదనీ చెప్పింది.

శ్రీనాథ్ లేచాడు. కమిషన్ అధ్యక్షురాలు, రిటైర్డ్ జస్టిస్ మెహరున్నీసా వైపు తిరిగి, "నాకూ మనసుంది మేడమ్. కానీ కన్నీళ్ళు సాక్ష్యం కావు. వాదనలో ఆధారమెంతో ఆవేశమెంతో విడదీసి చెప్పే యంత్రం మన విశాఖలోనే ఉంది. తయారుచేసిన డాక్టరుగారు మీ ఎదురుగానే ఉన్నారు. ఈ పిటిషన్‌ని దానికి పెట్టమని మా కోరిక" అన్నాడు.

"మీకేమైనా అభ్యంతరమా డాక్టర్ సువర్చలా?" అని అడిగింది జస్టిస్.

చెప్పడానికి అదే సమయం. ఆమె నా చెల్లెలు మేడమ్, నేను ఈ పని చేయకూడదు అంటే సరిపోయేది. సువర్చల చుట్టూ చూసింది. ముందు వరసలో విలేఖరులు, పక్కన ఇద్దరు ప్రొఫెసర్లు.

"లేదు మేడమ్" అంది.

నళిని ఒక్క క్షణం ఆమెకేసి చూసి, నీళ్ళ సీసా మూత బిగించుకుని కూర్చుంది. పరీక్షకి ఒప్పుకుంటున్నట్టు ముందు పెట్టిన అంగీకార పత్రం మీద చదవకుండానే సంతకం చేసింది.

ఆ యంత్రం పేరు నిగ్గు. ఋషికొండ దగ్గర కొండవాలున ఉన్న ప్రయోగశాలలో సువర్చల, ఇంజనీరు జోసెఫ్ రత్నం కలిసి ఎనిమిదేళ్ళు దాని మీద పని చేశారు. ఓటర్ల జాబితాలోంచి నూట ఇరవై మందిని పిలిచేవారు. ఆటో డ్రైవర్లు, గుమాస్తాలు, వంటింట్లోంచి వచ్చిన ఇల్లాళ్ళు. ఒక్కో గదిలో నలభై మందిని కూర్చోబెట్టి, నుదుటికి సన్నటి పట్టీ కట్టేవారు. వింటున్న మాటని మనిషి ఎంత నమ్ముతున్నాడో ఆ పట్టీ పట్టేస్తుంది.

మొదటి గదిలో నళిని మాటలు ఉన్నవి ఉన్నట్టు వేశారు. రెండో గదిలో అవే మాటలు, ఏడుపూ వణుకూ లేకుండా, రైల్వే స్టేషన్లో ప్రకటన చదివినట్టు. అసలు పనితనమంతా మూడో గదిలో. అక్కడ తెర మీద నళిని ముఖమే, నళిని గొంతే, అదే ఏడుపు. వాస్తవాలు మాత్రం తలకిందులు. నేరాలు రెట్టింపయ్యాయన్న చోట సగానికి తగ్గాయని చెబుతుంది. ఆ ముఖాన్నీ గొంతునీ యంత్రంతోనే తయారు చేస్తారు. పెదవి కదలికలో కూడా తేడా ఉండదు.

"వాస్తవం మార్చేసినా నమ్మకం మారలేదంటే, ఆ నమ్మకం వాస్తవం మీద నిలబడలేదన్న మాట" అని సువర్చల ఎన్నో సభల్లో చెప్పింది. చెప్పిన ప్రతిసారీ చప్పట్లు కొట్టారు.

ఆ శనివారం సాయంత్రం నాలుగింటికి రత్నం ఫలితాలు తెచ్చాడు.

"మొదటి వాదనకి ఆధారం బలం నూటికి ఆరు. నేరాలు తగ్గాయని ఆవిడే చెప్పినా మూడో గది జనం అలాగే తలూపారు, మృగాలే అన్నారు. కాపురాల మాటకి ఎనిమిది. మూడోదానికి మాత్రం డెబ్బై తొమ్మిది మేడమ్. ఒప్పుకునే తీయించుకుందనీ, అడిగిన రోజునే తీసేశారనీ మార్చి వినిపిస్తే నమ్మకం టపీమని పడిపోయింది. ఆ వాదన నిజంగా వాస్తవం మీదే నిలబడింది. ఇంత బలమైనది నేను ఈ మధ్య చూళ్ళేదు."

"సగటు ఎంత?"

"ముప్పై ఒకటి." రత్నం కాగితం బల్ల మీద పెట్టలేదు. "మొదట్నించీ మొత్తుకుంటున్నాను. మూడు వాదనలుంటే మూడు అంకెలివ్వాలి. అన్నీ కలిపి ఒకటి చేస్తే దేనికీ అర్థముండదు."

"పేపర్లవాళ్ళకి ఒక్క అంకె కావాలి రత్నం. ముప్పై ఐదు దాటకపోతే వీగినట్టని మనమే రాసుకున్నాం."

"మీరు రాశారు" అన్నాడు రత్నం. "ఇంకోటి. ఆ లాయరు గారి జవాబు ఉంది కదా, ఇది పెద్దవాళ్ళ సొంత వ్యవహారం, హాని జరిగినట్టు ఎక్కడా రుజువు కాలేదని. ఊరికే దాన్నీ పెట్టి చూశాను. తొమ్మిది వచ్చింది. రుజువైందని మార్చి చెప్పించినా జనం ఆయన్నే నమ్మారు. కోటు బాగుంది మరి" అన్నాడు.

"అది కమిషన్ అడగలేదు."

"అడగలేదు" అని ఒప్పుకుని, కాగితం అక్కడ పడేసి వెళ్ళిపోయాడు. సువర్చల ఆ ఒక్క అంకెతోనే నివేదిక రాసి సంతకం పెట్టింది.

మర్నాడు ఆదివారం. సువర్చల కారు తీసుకుని విజయనగరం వెళ్ళింది. ముందుగా చెబితే, ఆ మొదటి రెండు వాదనలూ తీసేసుకుంటుందేమోనని ఆశ. నళిని డాబా మీద ఎండుమిరపకాయలు తొడిమలు తీస్తోంది. అక్కని చూసి లేవలేదు. వాళ్ళ వైపు అక్కని అప్ప అంటారు. చిన్నప్పటి ఆ పిలుపు మాత్రం పోలేదు.

"ఏటప్పా, ఇలా వచ్చావు? ఎవరైనా చూస్తే?"

"ముఖ్యమైన విషయం చెబుదామని వచ్చాను. ఆ నేరాల లెక్క నిలవదు నళినీ. నీ పిటిషన్ వీగిపోతుంది. నీ అసలు సంగతి చాలా గట్టిది. దాన్నే ముందు పెట్టు."

"నా అసలు సంగతి." నళిని మిరపకాయ పక్కన పడేసింది. "మూడేళ్ళు అదే చెప్పాను. పోలీసులకి చెబితే ఆ వీడియో ఓసారి చూపించమ్మా అన్నారు. ప్రిన్సిపాల్ లాడ్జి పేరడిగాడు. మా ఆయన, గదిలో లైటెందుకు ఆర్పలేదన్నాడు. నా గురించి చెబితే అందరూ నన్ను చూస్తున్నారు. ఊళ్ళో ఆడపిల్లలందరికీ ముప్పు, మగాళ్ళు మృగాలైపోతున్నారు అన్నాననుకో, అప్పుడు నన్నొదిలి మాట వింటున్నారు. నాకు తెలీక రాశాననుకున్నావా ఆ లెక్క?"

సువర్చల పక్కన పడిన ఆ మిరపకాయ తీసి గుట్టలో వేసింది.

"నీకు ఫోన్ చేసి చెప్పినప్పుడు నువ్వన్న మొదటి మాటేటో జ్ఞాపకముందా?"

"నళినీ..."

"ఆ లాడ్జిలో ఎందుకు దిగావు, అన్నావు. ఎలా ఉన్నావని అడగలేదు." తొడిమలు తీయడం మళ్ళీ మొదలుపెట్టింది. "సరే, చెప్పు. ఆ యంత్రం నా ఏడుపుని ఎలా విడదీసింది?"

సువర్చల చెప్పింది. మూడు గదులూ చెప్పింది. మూడో గది దగ్గరికొచ్చేసరికి తన గొంతు తనకే వేరేగా వినబడింది.

నళిని చేతులు ఆగిపోయాయి.

"ఏటన్నావు? నా మొహంతో? నేను చెప్పని మాట చెప్పించారా?"

"పరీక్ష కోసం. నువ్వు సంతకం పెట్టావు. అందులో ఐదో పేజీలో..."

"కెమెరా ఉందని నాకు తెలుసనీ, ఒప్పుకునే తీయించుకున్నాననీ, నా నోటితో?"

"నలభై మందే చూశారు. తర్వాత చెరిపేస్తాం."

"మొదట ఆ సైట్లవాళ్ళూ ఇలాగే చెప్పారు, చెరిపేశామని." నళిని లేచి నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు లేవు. "ఆ లాడ్జివాడెవడో నాకు తెలీదు. నువ్వు నా తోడబుట్టినదానివి. ఆ పట్టీ నువ్వెప్పుడైనా కట్టుకున్నావా? కట్టుకుని నా మాట విను. ఆ తర్వాత నాకు నీతులు చెప్పు. ఇక వెళ్ళప్పా. కారు వీధి చివర పెట్టావుగా, అక్కడిదాకా నడవాలి."

కారు నిజంగా వీధి చివరే పెట్టింది.

సోమవారం పొద్దున్న ప్రయోగశాలకి రాగానే సువర్చల మొదటి గదిలో కుర్చీలో కూర్చుని, "నాకు కట్టు. నా అభిప్రాయం కూడా చూద్దాం. తప్పు ఆమెదని నేను ఎంత నమ్ముతున్నానో, అది కొలిచి చూడు" అంది. రత్నం ఏమీ అడగకుండా పట్టీ కట్టాడు.

మొదట నళిని నిజంగా చెప్పింది విన్నది. తర్వాత చప్పటి గొంతు విన్నది. తర్వాత తెర మీద చెల్లెలు, కళ్ళు తుడుచుకుంటూ, కెమెరా ఉందని నాకు ముందే తెలుసు అంది.

పట్టీ పంపిన గీతల్ని రత్నం ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశాడు.

"చెప్పు" అంది సువర్చల.

"మూడింటికీ ఒకటే గీత మేడమ్. ఆవిడకి తెలియదన్నా, తెలుసన్నా మీ లెక్క ఒకటే. తప్పు ఆవిడదే అని మీరు ముందే అనేసుకున్నారు. ఆధారం బలం సున్నా. నేను సున్నా ఇంతవరకు చూడలేదు." గొంతు తగ్గించాడు. "ఎవరు మేడమ్ ఆవిడ మీకు?"

"నా చెల్లెలు."

రత్నం మెల్లగా పట్టీ విప్పాడు. జాలి పడతాడనుకుంది. పడలేదు.

"ఎనిమిదేళ్ళుగా నేను మీ కింద పని చేస్తున్నాను. ఈ నివేదిక మీద మీరెలా సంతకం పెట్టారు? మూడో గది బొమ్మ నేనే తయారు చేశాను. నాకు చెప్పి ఉంటే చేసేవాణ్ణా? మీకు సిగ్గనిపించి దాచారు, నా చేత ఆ పని చేయించారు."

రత్నం తలుపు దబ్బున వేసి వెళ్ళాడు.

రెండో విచారణకి హాలు కిక్కిరిసింది. శ్రీనాథ్ నివేదిక పైకెత్తి చదివాడు. "నూటికి ముప్పై ఒకటి మేడమ్. యంత్రానికి పక్షపాతం లేదు. అది ఈ పిటిషన్ వీగిందంటోంది."

వెనక ఎవరో నవ్వారు. జస్టిస్ మెహరున్నీసా, "డాక్టరుగారూ, ఇది మీ అంకేనా?" అని అడిగింది.

సువర్చల లేచింది. బల్ల పట్టుకుంది.

"నా అంకే మేడమ్. కానీ ఇది పనికిరాదు. మూడు వాదనల్ని కలిపి సగటు తీశాను. మొదటి రెండూ బలహీనమే, ఆరూ ఎనిమిదీ వచ్చాయి. మూడోదానికి డెబ్బై తొమ్మిది వచ్చింది. దాన్ని ఆ సగటులో ముంచేశాను. లాయరుగారి వాదననీ పరీక్షించాం. దానికి తొమ్మిది." నళినిని చూపించింది. "ఇంకో సంగతి. పిటిషనర్ నా చెల్లెలు. మొదటి రోజునే చెప్పాల్సింది. చెబితే నా పరువు పోతుందని చెప్పలేదు. నా మీద కూడా ఈ పరీక్ష చేయించుకున్నాను. ఏ సాక్ష్యం విన్నా నేను ఆమెనే తప్పుపట్టానని తేలింది. సొంత అక్కనే అలా ఉన్నానంటే మిగతావాళ్ళ సంగతి మీరే ఆలోచించండి."

హాలంతా గోలైపోయింది. శ్రీనాథ్ మొహం వెలిగింది. "విన్నారుగా మేడమ్! బంధుత్వం దాచి ఇచ్చిన నివేదిక. ఇప్పుడు చెల్లెల్ని కాపాడుకోవడానికి మాట మారుస్తోంది. ఈవిడ చెప్పిన ఏ అంకెనీ లెక్కలోకి తీసుకోకూడదు!"

"తీసుకోను" అంది జస్టిస్. "ముప్పై ఒకటినీ తీసుకోను, తొమ్మిదినీ తీసుకోను. కూర్చోండి డాక్టర్ సువర్చలా. మీ సంగతి తర్వాత చూస్తాను."

అప్పుడు నళిని లేచింది. అక్కవైపు చూడలేదు.

"నా తరఫున ఆవిడ మాట్లాడక్కర్లేదు మేడమ్. నేనే మాట్లాడతాను. మొదటి వాదన వెనక్కి తీసుకుంటున్నాను. ఆ లెక్క ఎవరో పంపిన మెసేజీలోది. నా స్టూడెంట్ ఇలా ఆధారం లేకుండా రాస్తే నేను మార్కులు వెయ్యను. చూసినవాళ్ళందరూ మృగాలని నేను రుజువు చేయలేను. రెండోదీ తీసేయండి. మా కాపురం కూలింది ఎవరో చూసినందుకు కాదు. నన్నడక్కుండా తీసినందుకు. ఆ తర్వాత అందరూ నన్నే నిలదీసినందుకు."

శ్రీనాథ్ లేవబోతుంటే జస్టిస్ చేత్తో ఆపింది.

"ఆ ప్రయోగశాలలో నా మొహంతో నేను చెప్పని మాటలు చెప్పించారు. ఐదో పేజీలో సంతకం ఉందట. అది చూసిన నలభై మందిలో ఒక్కరికైనా ఇది నేనొప్పుకున్నది కాదేమో అన్న అనుమానం వచ్చిందా? ఎవరైనా చెప్పగలరా?"

వెనక వరసలోంచి రత్నం లేచాడు. "నేను ఆ బొమ్మ చేసిన ఇంజనీర్ని. పరీక్షయ్యాక అడిగానమ్మా. ఒక్కరికీ రాలేదు." నళినికి చేతులు జోడించాడు. "నన్ను క్షమించండి."

నళిని లాయరువైపు తిరిగింది. "మీ సైట్లలో లక్షల వీడియోలున్నాయి. అందులో ఏది ఒప్పుకుని తీసింది, ఏది దొంగచాటుగా తీసింది? మీకెలా తెలుస్తుంది?"

"అప్‌లోడ్ చేసేవారు అందరి అనుమతీ ఉందని టిక్కు పెట్టాకే అది సైట్లోకి వస్తుంది."

"నా దానికి ఎవరు పెట్టారు టిక్కు?"

శ్రీనాథ్ ఫైలు తిప్పాడు. ఇంకో కాగితం తీశాడు. "సాంకేతికంగా అది..."

"ప్రశ్నకి జవాబు చెప్పండి" అంది జస్టిస్.

"తెలీదు మేడమ్."

"నా వాదన అంతే" అని నళిని కూర్చుంది. ఈసారి హాల్లో ఎవరూ ఏడవలేదు. ఏడవడానికి ఆమె ఎవరికీ వీలు ఇవ్వలేదు.

మూడు వారాలకి కమిషన్ సిఫార్సులొచ్చాయి. పూర్తి నిషేధానికి ఆధారం చాలదంది. కానీ తెర మీద కనబడే ప్రతి మనిషి అంగీకారం నిరూపించే బాధ్యత చూపించేవాడిదేననీ, నిరూపించలేకపోతే ఫిర్యాదు అందిన రోజునే తీసెయ్యాలనీ చెప్పింది. సైట్ల సంఘం కోర్టుకి వెళ్ళింది. కేసు నడుస్తోంది. నళిని వీడియో పంతొమ్మిది చోట్ల నుంచి ఆరు చోట్లకి తగ్గి, మళ్ళీ తొమ్మిదికి పెరిగింది. నిగ్గుని ఏ విచారణలోనూ వాడరాదని కమిషన్ రాసింది. ప్రయోగశాల యాజమాన్యం సువర్చలని పదవిలోంచి తప్పించింది. రత్నం తనంతట తనే మానేశాడు. మానేసే ముందు మూడో గది బొమ్మని తన చేత్తో చెరిపి, చెరిపినట్టు నళినికి ఉత్తరం రాశాడు. సువర్చలతో మాత్రం ఆ తర్వాత మాట్లాడలేదు.

జూన్‌లో ఒకరోజు నళిని ఫోన్ చేసింది.

"ఎల్లుండి కాలేజీలో చేరుతున్నాను. ప్రిన్సిపాల్ ఉత్తరం ఇచ్చాడు. కమిషన్ నిలదీస్తుందని భయం. నువ్వు రా."

"వస్తాను. ఏం చెయ్యాలి?"

"ఏటీ చెయ్యక్కర్లేదు. గేటు నుంచి స్టాఫ్ రూమ్ దాకా నా పక్కన నడువు. నేను నిన్ను క్షమించలేదు. అది వేరు. ఒక్కదాన్నే నడవలేను, ఇది వేరు."

ఆ రోజు సువర్చల కారు గేటు ముందే ఆపింది. ఇద్దరూ నడిచారు. సైకిల్ స్టాండు దగ్గర కుర్రాళ్ళ గుంపు ఒకటి మాటలాపేసి చూసింది. ఒకడు ఫోన్ పైకెత్తాడు. సువర్చల అటు అడుగెయ్యబోతే నళిని మోచేయి పట్టి లాగింది. స్టాఫ్ రూమ్‌లో ఇద్దరు లేచి నమస్కారం పెట్టారు, ఒకరు పేపర్లో తల దూర్చారు. నళిని అటెండెన్సు రిజిస్టర్ తీసుకుని సరాసరి క్లాసుకి వెళ్ళింది.

సువర్చల వరండాలో నిలబడింది. లోపల ముందు గుసగుసలు, తర్వాత ఎవరిదో పిల్లికూత, తర్వాత నవ్వులు. బ్లాక్ బోర్డు మీద సుద్దముక్క కదిలిన చప్పుడు వినబడింది. "కూసినవాడు లేవనక్కర్లేదు. నోట్సు తీయండి. ఆకు గాలి పీల్చే దారుల గురించి చెబుతున్నాను" అని నళిని గొంతు. కాసేపటికి నవ్వులు తగ్గాయి. పూర్తిగా పోలేదు. తగ్గాయి.

గంట కొట్టాక నళిని చేతులనిండా సుద్దపొడితో బయటికొచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"ఇంకా రెండు క్లాసులున్నాయి. నువ్వెళ్ళు."

"ఉంటాను."

నళిని ఆమెని పైనుంచి కిందకి చూసింది.

"అయితే క్యాంటీన్‌లో కూర్చో. ఇక్కడ నిలబడితే నాకేదో కాపలా పెట్టినట్టుంటుంది."

సువర్చల వెళ్ళి క్యాంటీన్‌లో కూర్చుంది. నాలుగింటి దాకా కూర్చుంది.